బాకీ కింద కొండ

ఆరు డేరాలు బాగుచేసినందుకు
పద్దెనిమిది వందలు రావాలి నాకు.
జోగినాథం చేతులెత్తేసి
"డబ్బుల్లేవు పిన్నీ,
శనివారం జీపులో ఓ సీటు ఖాళీ ఉంది,
ఒక రాత్రి మహేంద్రగిరి మీద పడుకునిరా" అన్నాడు.
బాకీ కింద బియ్యమిచ్చినవాణ్ణి చూశాను,
కోడిపెట్టనిచ్చినవాణ్ణి చూశాను,
కొండనిచ్చినవాణ్ణి ఇతణ్ణే.

పర్లాకిమిడిలో ముప్పయ్యేళ్లుగా
మిషను తొక్కుతున్నాను.
తొక్కిందంతా దారిగా పరిస్తే
ఈపాటికి కాశీ దాటేసుండాలి,
కుర్చీ మాత్రం గుమ్మం దాటలేదు.
వాన వెలిసిన రోజు మేడ మీద బట్టలు తీస్తుంటే
ఈశాన్యాన నీలంగా కనబడేది,
ఎవరో కొలతలివ్వకుండా వదిలేసి వెళ్లిన తానులా.

కొయిన్‌పూర్ దాటి కొంత దూరం పోయాక
జీపు దగ్గింది, మేం దిగాం.
గైడు సవర పిల్ల, సుకాంతి గమాంగ్,
సగం డేరాలు తన వీపునే ఉన్నా
వీధి కుళాయికి వెళ్తున్నంత తేలిగ్గా నడుస్తోంది.
"పాదం అడ్డంగా వెయ్యమ్మా, జారదు"
తెలుగులో ఒక ముక్క, ఒడియాలో ఒక ముక్క.
విశాఖపట్నం కుర్రాళ్లు నలుగురు
మలుపు మలుపుకీ ఫొటోలకి ఆగారు.
నాకదే మేలైంది,
ఆయాసాన్ని అందం చూస్తున్నట్టు దాచుకున్నాను.

మీదికెక్కాక అంతా గాలి.
గడ్డి ఒకవైపే దువ్విన తలలా ఉంది.
భీముడి గుడి చూపించారు.
రాతి మీద రాయి, మధ్యన సున్నం లేదు,
బరువే కుట్టు.
గోడ మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాను,
సాటి పనివాడి భుజమ్మీద వేసినట్టు.

ఫోను మోగింది: ఆంధ్రప్రదేశ్‌కు స్వాగతం.
నాలుగడుగులు వేశాను: ఒడిశాకు స్వాగతం.
"హద్దు ఎక్కడుందే?" అనడిగితే
"ఆవులు మేసేసుంటాయి" అని నవ్వింది సుకాంతి.

నాకిచ్చింది నీలం డేరా.
జిప్పు పక్కన ముడి చూసి గుర్తుపట్టాను,
మూడుసార్లు తిప్పి పంటితో కొరికే ముడి
ఈ ఊళ్లో నాదొక్కదానిదే.

అర్ధరాత్రి వాన.
గుడ్డ మీద వాన చప్పుడు
లోపల పడుకున్నవాళ్లకి జోల.
కుట్టినదానికి అలా ఉండదు,
ప్రతి చినుకూ తలుపు తట్టి
లెక్క అడుగుతుంది.

సరిగ్గా బొట్టు పెట్టుకునే చోట
ఒక చుక్క పడింది.
టార్చి వేసి వెతికాను.
నా కుట్లన్నీ బిగువుగానే ఉన్నాయి.
కారుతున్నది కుట్టు కాదు.
ఆ రోజు మొదట వంకరపోయిందని
విప్పేసిన వరస.
దారం లాగి పారేశాను, మరిచిపోయాను,
సూది దిగిన కన్నాలు మాత్రం
చీమలబారులా అక్కడే ఉన్నాయి.

విప్పేసిందల్లా పోయినట్టేనని
ఇన్నాళ్లూ అనుకున్నాను,
రేషన్‌కార్డులో నా పేరు పక్కన
ఒకప్పుడుండిన పేరుతో సహా.

సుకాంతి దగ్గర కొవ్వొత్తి ఉంది.
వెలిగించలేదు.
తను టార్చి పట్టుకుంది,
నేను ఒక్కో కన్నం మీదా మైనం రుద్దాను.
నలభై ఒకటి.
ఆ తర్వాత చుక్క పడలేదు,
అయినా నిద్ర పట్టలేదు.

తెల్లారి మబ్బు చీలింది.
కింద మందస వైపు కొబ్బరితోటలు,
వాటికవతల సముద్రమట,
కళ్లు చికిలించినా
ఆకాశం ఎక్కడ ఆగిందో తెలిసి చావలేదు.
కుర్రాళ్లు కేకలేశారు.
నేను గ్లాసులో టీ చల్లారేదాకా
ఊరికే చూశాను,
ఏదీ కొలవకుండా.

సోమవారం జోగినాథం వచ్చాడు,
చంకలో ఇంకో చిరిగిన డేరా.
"ఎలా ఉంది పిన్నీ కొండ?"
"బాగుంది."
పద్దెనిమిది వందల్లో ఆరొందలు కొట్టేశాను,
మిగిలింది పుస్తకంలో అలాగే ఉంది.
ఇకనించి డేరా పనికి
మైనం కూలి పది రూపాయలు అదనం.